రెజ్యూమె చదవడానికి, పోర్ట్‌ఫోలియో చూడడానికి

సంపాదకులకు నమస్కారం.

గ్రాఫిక్ డిజైన్, యానిమేషన్, ప్రకటనల రచన, వీడియో ఎడిటింగ్, గేమ్ ఆర్ట్, సౌండ్ డిజైన్ వంటి సృజనాత్మక రంగాల్లో ఉద్యోగాలకు వచ్చే దరఖాస్తులను చదివి, ఎవరిని ఇంటర్వ్యూకు పిలవాలో తేల్చే బాధ్యతను చాలాకాలంగా నిర్వహిస్తున్న వ్యక్తిగా ఈ లేఖ రాస్తున్నాను. ఉద్యోగార్థుల కోసం పత్రికలు నడిపే శీర్షికల్లో రెజ్యూమె గురించిన సూచనలు తరచుగా కనిపిస్తాయి గానీ, అవి ఎక్కువగా ఇతర ఉద్యోగాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. బొమ్మ గీసేవారికి, అక్షరం కూర్చేవారికి, దృశ్యాన్ని కత్తిరించేవారికి అవి సగమే ఉపయోగపడతాయి. మిగిలిన సగం గురించి విడమరచి చెప్పేవారు లేక, నిజంగా పని తెలిసిన యువతీయువకులు మొదటి వడపోతలోనే వెనుదిరగవలసి రావడం నాకు బాధ కలిగిస్తోంది.

ఈ రంగాల్లోకి కొత్తగా వచ్చేవారిలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. ఉద్యోగం సృజనాత్మకమైనది కాబట్టి రెజ్యూమె కూడా చూడగానే ఆశ్చర్యపరచాలని వారు అనుకుంటారు. అందుకే పుట నిండా రంగు పరిచి, ఎడమవైపు ముదురు పట్టీలో గుండ్రటి ఫోటో పెట్టి, ఫోన్ నంబరుకు ఒక చిహ్నం, ఈమెయిలుకు ఒక చిహ్నం, అభిరుచులకు మరికొన్ని చిహ్నాలు చేర్చి, నైపుణ్యాలను రంగు గీతల పొడవుతో చూపిస్తారు. ఫోటోషాప్ 90 శాతం, ఇలస్ట్రేటర్ 85 శాతం అని ఆ గీతలు చెబుతాయి. దేనిలో 90 శాతమో, ఎవరితో పోల్చి ఆ లెక్క వేశారో చదివేవారికి తెలియదు. ఆ సాఫ్ట్‌వేర్‌తో దశాబ్దాలుగా పనిచేస్తున్నవారు కూడా తమకు అందులో ఎంత శాతం తెలుసో చెప్పలేరు. దాని బదులు ‘ఫోటోషాప్‌లో ఉత్పత్తుల ఛాయాచిత్రాలకు రీటచింగ్ చేస్తాను, ముద్రణకు తగ్గట్టు రంగులు సవరిస్తాను’ అని ఒక్క వాక్యం రాస్తే, ఆ అభ్యర్థిని ఏ పనికి పిలవవచ్చో వెంటనే అర్థమవుతుంది. మిగిలిన అలంకారమంతా ఎవరో తయారుచేసి ఉంచిన నమూనా నుంచి దిగుమతి అయినదే కావడం వల్ల, ఒకే రోజు వచ్చిన దరఖాస్తుల్లో ఎన్నో ఒకే పోలికతో ఉంటాయి. ప్రత్యేకంగా కనిపించాలని చేసిన ప్రయత్నమే అందరినీ ఒకే మూసలోకి నెడుతోంది.

చదివేవారి పరిస్థితిని కూడా అభ్యర్థులు తెలుసుకోవాలి. ‘ద లాడర్స్’ అనే ఉద్యోగాల సంస్థ, నియామకాలు చేసేవారి చూపు రెజ్యూమె మీద ఎక్కడెక్కడ ఆగుతుందో పరికరాలతో పరిశీలించి 2012లో ఒక నివేదిక ఇచ్చింది. తొలి పరిశీలనకు వారు సగటున 6 సెకన్లు మాత్రమే వెచ్చిస్తున్నారని అందులో తేలింది. 2018లో మళ్లీ చూస్తే ఆ సగటు 7.4 సెకన్లుగా ఉంది. ఆ కొద్ది వ్యవధిలోనే చూపు పేరు మీద, ప్రస్తుత ఉద్యోగం మీద, అంతకు ముందరి ఉద్యోగం మీద, తేదీల మీద, చదువు మీద ఆగి ముందుకు సాగుతుంది. ఇది నిర్లక్ష్యమని కొందరికి అనిపించవచ్చు. ఎవరిని వివరంగా చదవాలో నిర్ణయించుకునే చూపు అది. అది అయ్యాకే అసలు చదువు మొదలవుతుంది. సృజనాత్మక రంగాల్లో ఆ చూపు వెతికేది మరొకటి ఉంది, చేసిన పనుల నమూనాలను ఒకచోట చూపే పోర్ట్‌ఫోలియో లంకె. అది పేరు కిందనే ఉండాలి. నొక్కగానే తెరుచుకోవాలి. కాగితం మీద ముద్రించి చదివేవారికి కూడా అందేలా, పొడవాటి అక్షరాల గొలుసుగా కాకుండా, చూసి టైపు చేయగలిగేంత చిన్న చిరునామాగా కనిపించాలి. పాస్‌వర్డ్ అవసరమైతే దాన్ని పక్కనే రాయాలి. అనుమతి కోరమని చెప్పే లంకె ఎదురైతే, ఆ అనుమతి వచ్చేదాకా ఆగే తీరిక అవతలివారికి ఉండదు.

నేను ప్రధానంగా చెప్పదలచినది దీని తరువాత వస్తుంది. సృజనాత్మక పని దాదాపు ఎప్పుడూ సమష్టి కృషి. ఒక ప్రకటన చిత్రం వెనుక ఆలోచన ఒకరిది, మాట ఒకరిది, దర్శకత్వం ఒకరిది, కూర్పు మరొకరిది. అలాంటి పని గురించి రెజ్యూమెలో ‘ఈ ప్రాజెక్టులో పనిచేశాను’ అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. పోర్ట్‌ఫోలియోలో ఎంత గొప్ప పని కనిపించినా, అందులో అభ్యర్థి చేయి ఎంతవరకు ఉందో తెలియనప్పుడు ఆ గొప్పతనం అతని ఖాతాలో పడదు. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ రంగాల్లో ఈ చిక్కును ఏనాడో గుర్తించి, తమ పనిలోని మంచి దృశ్యాలను కూర్చిన చిన్న వీడియో అయిన షోరీల్‌తో పాటు షాట్ బ్రేక్‌డౌన్ జతచేసే అలవాటు పెంచుకున్నారు. ఏ షాట్ ఎన్నో సెకనులో వస్తుంది, అందులో తాను చేసింది మోడలింగా, రిగ్గింగా (పాత్రను కదిలించడానికి లోపల అమర్చే చట్రం), లైటింగా, కంపోజిటింగా (విడివిడి దృశ్యాలను ఒకటిగా కలపడం), ఏ సాఫ్ట్‌వేర్ వాడారు అన్నది అందులో వరుసగా రాస్తారు. తక్కిన అన్ని రంగాలవారూ నేర్చుకోవలసిన పద్ధతి ఇది. పుస్తకాల డిజైనరైతే అట్ట తనదా, లోపలి పుటల అమరిక తనదా, రెండూనా అన్నది చెప్పాలి. వీడియో ఎడిటర్ మొదటి కూర్పు మాత్రమే చేశారా, చివరి రూపం దాకా ఉన్నారా, రంగుల దిద్దుబాటు కూడా తనదేనా అన్నది స్పష్టం చేయాలి. ప్రకటనల మాటలు రాసే కాపీరైటర్ అయితే ప్రచారానికి మూలమైన ఆలోచన తనదా, శీర్షికలు మాత్రమే రాశారా, వేరొకరు రాసినదాన్ని మరో భాషలోకి తెచ్చారా అన్నది దాచకూడదు. మరో భాషలోకి తేవడం తక్కువ పని కాదు. దాన్ని తన పనిగా నిండుగా చెప్పుకున్నవారికే ఆ పనికి పిలుపు వస్తుంది.

ఇలా పంచి చెప్పుకుంటే తమ వాటా చిన్నదిగా కనిపిస్తుందేమోనని చాలామంది భయపడతారు. నా అనుభవం దీనికి పూర్తిగా విరుద్ధం. ‘ఆరుగురి బృందంలో పాత్రల ముఖకవళికల యానిమేషన్ నా బాధ్యత’ అని రాసిన అభ్యర్థిని ఆ విషయం మీద లోతుగా ప్రశ్నించవచ్చు. అతను లోతుగా సమాధానం చెప్పగలడు. అంతా తానే చేశానన్న అర్థం వచ్చేలా రాసినవారి విషయంలో మొదటి పది నిమిషాలూ అనుమాన నివృత్తికే సరిపోతాయి. పైగా ఈ రంగాల్లో మనుషులు ఒకరికొకరు తెలిసినవారు. ఒకే షాట్ ఇద్దరు ముగ్గురి రీళ్లలో కనిపించడం మామూలే, అందులో తప్పు కూడా లేదు. ఎవరి పాత్ర ఏమిటో రాయనప్పుడే అది ఇబ్బందిగా మారుతుంది.

విద్యార్థి దశలో చేసిన పనిని విద్యార్థి పనిగానే చూపాలి. ఏ సంస్థా కోరకుండా, ప్రసిద్ధమైన ఒక బ్రాండుకు సొంత ఆసక్తితో కొత్త లోగో గీసి ఉంటే, అది స్వయంగా చేపట్టిన అభ్యాసమని పక్కనే రాయాలి. అలా రాయకపోతే ఆ సంస్థే ఈ పని అప్పగించిందని చదివేవారు పొరబడతారు, నిజం తెలిశాక తక్కిన రెజ్యూమెను కూడా నమ్మరు. గోప్యత ఒప్పందం వల్ల చూపడానికి వీల్లేని పనులు ఉంటే, వాటి స్వభావాన్ని, తన బాధ్యతను ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి, బయట పెట్టే హక్కు లేదని రాస్తే చాలు. ఇంకా విడుదల కాని పనిని చూపించి మెప్పించాలనుకునేవారు, రేపు మా పనిని కూడా ఇలాగే మరొకరికి చూపిస్తారన్న సంగతిని తామే మాకు చెబుతున్నట్టు అవుతుంది.

అంకెల విషయంలోనూ నిజాయితీ అవసరం. సాధించిన ఫలితాలను అంకెల్లో చెప్పమని అందరూ సలహా ఇస్తారు. దాన్ని యథాతథంగా పాటించి, తాను చేసిన పోస్టర్ వల్ల అమ్మకాలు ఇంత శాతం పెరిగాయని ఒక డిజైనర్ రాస్తే నమ్మడం కష్టం. ధర, పంపిణీ, సమయం వంటి ఎన్నో కారణాలు కలిసి అమ్మకాలను నిర్ణయిస్తాయి. డిజైనర్‌కు కచ్చితంగా తెలిసిన అంకెలు వేరే ఉన్నాయి. పుస్తకం ఎన్ని పుటలు, ఎన్నాళ్లలో ముగించారు, ఒకే ప్రచారాన్ని ఎన్ని సైజులకు, ఎన్ని భాషలకు మలిచారు, యాప్‌లో ఎన్ని తెరలు తనవి, ఎంతమంది వాడుకరులతో పరీక్షించి ఏమి మార్చారు, బృందంలో ఎంతమంది ఉన్నారు అన్నవి పని పరిమాణాన్ని, వేగాన్ని సూటిగా చూపిస్తాయి.

ఎవరికి పంపుతున్నామో వారి అవసరాన్ని బట్టి రెజ్యూమె వరుస మారాలి. దీనికి పాత ఉదాహరణ ఒకటి అందరూ తెలుసుకోదగినది. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ, మిలాన్‌ను పాలిస్తున్న లుడోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ ఒక లేఖ సిద్ధం చేశాడు. సులువుగా మోసుకుపోగల తేలికపాటి వంతెనలు, కోట కందకాల్లోని నీటిని తోడే పద్ధతులు, ఫిరంగులు, పైకప్పు ఉన్న యుద్ధ శకటాలు అంటూ సైనిక అవసరాలకు పనికొచ్చే తన విద్యలను అంశాలవారీగా రాసి, శాంతికాలంలో భవనాలు కట్టగలనని, నీటిని ఒకచోటి నుంచి మరోచోటికి పారించగలనని ఆ తరువాత చెప్పి, శిల్పం, చిత్రలేఖనం కూడా చేయగలనన్న మాటను చివరి భాగానికి ఉంచాడు. ప్రపంచం ఆయనను ఏ విద్యకు తలచుకుంటుందో అది ఆ లేఖలో దాదాపు ఆఖరున ఉంది, ఎందుకంటే చదివే ప్రభువుకు అప్పుడు కావలసినవి ముందు చెప్పినవి. ఆ లేఖను ప్రస్తావించేవారు సాధారణంగా ఈ వరుస గురించే మాట్లాడతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది దాని ముగింపు: వీటిలో ఏదైనా అసాధ్యమనిపిస్తే మీ ఉద్యానవనంలో గానీ, మీరు కోరిన మరో చోట గానీ ప్రయోగించి చూపడానికి సిద్ధమని ఆయన తెలియజేశాడు. చెప్పిన ప్రతి మాటకూ రుజువు చూపే దారి ఆ ఉత్తరంలోనే ఉంది. నేటి రెజ్యూమెలో పోర్ట్‌ఫోలియో లంకె చేయవలసిన పని అదే. రెజ్యూమెలో పేర్కొన్న ప్రతి ముఖ్యమైన పనికీ పోర్ట్‌ఫోలియోలో ఒక ఆధారం దొరకాలి, రెండింట్లోనూ దాని పేరు ఒకేలా ఉండాలి. రెజ్యూమెలో ఒక పేరుతో, పోర్ట్‌ఫోలియోలో మరో పేరుతో ఉన్న పనిని కలిపి చూసుకునే భారం చదివేవారి మీద వేయకూడదు.

ఇక సాంకేతికమైన ఒక పొరపాటు గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే అది నైపుణ్యం ఉన్నవారే చేస్తున్న పొరపాటు. ముద్రణాలయానికి ఫైలు పంపేటప్పుడు అవతల ఆ ఫాంట్ లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయని, డిజైనర్లు పాఠ్యాన్ని కర్వ్స్‌గా, అంటే అక్షరాల ఆకారంలో ఉన్న గీతలుగా, మార్చి పంపుతారు. ముద్రణకు అది సరైన జాగ్రత్తే. అదే అలవాటుతో రెజ్యూమెను కూడా కర్వ్స్‌గా మార్చో, మొత్తం పుటను బొమ్మగా దించో పీడీఎఫ్ చేస్తే, కంటికి అక్షరాలు కనిపిస్తాయి గానీ ఆ ఫైలులో ఒక్క అక్షరం కూడా ఉండదు, గీతలో బొమ్మో మాత్రమే ఉంటాయి. పెద్ద సంస్థలు దరఖాస్తులను భద్రపరిచి వెతకడానికి వాడే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కు అది దాదాపు ఖాళీ కాగితంతో సమానం. ఈ సాఫ్ట్‌వేర్ దానంతటదే అందరినీ తిరస్కరిస్తుందన్న భయం కొంత అతిగా ప్రచారమైంది; ప్రధానంగా అది ఫైలులోని పాఠ్యాన్ని చదివి, పేరు, అనుభవం, నైపుణ్యం అన్న గడుల్లో నింపి, ‘మోషన్ గ్రాఫిక్స్’ అని ఎవరైనా వెతికినప్పుడు ఆ మాట ఉన్నవారిని చూపిస్తుంది. మాటే లేని ఫైలు ఆ వెతుకులాటలో బయటపడడం కష్టం. దృష్టిలోపం ఉన్నవారు వాడే స్క్రీన్ రీడర్‌కు కూడా అది మూగదే. పీడీఎఫ్‌లో ఫాంట్లను పొదిగి పంపే వీలుంది కాబట్టి, రెజ్యూమెలో అక్షరాలను కర్వ్స్ చేయవలసిన అవసరమే లేదు.

దీన్ని సరిచూసుకోవడం చాలా తేలిక. రెజ్యూమె పీడీఎఫ్ తెరిచి, పాఠ్యమంతా ఎంచుకుని, కాపీ చేసి, నోట్‌ప్యాడ్ వంటి సాదా ఎడిటర్‌లో అతికించి చదవాలి. ఏమీ అతకకపోతే కర్వ్స్ చేశారనో, బొమ్మగా దించారనో అర్థం. అర్థంకాని గుర్తులు వస్తే, అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతికి చెందని ఫాంట్ వాడి ఉండవచ్చు. ఎడమ కాలమ్‌లోని ఫోన్ నంబరు, కుడి కాలమ్‌లోని ఉద్యోగం పేరు ఒకే వరుసలో కలిసిపోయి వస్తే, ఆ రెండు కాలమ్‌ల అమరికను సాఫ్ట్‌వేర్ కూడా అలాగే చదువుతుందని గ్రహించి దాన్ని మార్చుకోవాలి. చిహ్నం ఒక్కటే పెట్టిన చోట ‘ఫోన్’, ‘ఈమెయిల్’ అన్న మాట కూడా ఉండాలి. ఉద్యోగ ప్రకటనలో వాడిన మాటల్లో తమకు నిజంగా వర్తించేవాటిని అవే మాటలతో రాయాలి. కొందరు ఆ మాటలను తెల్లటి అక్షరాలతో తెల్లటి కాగితం మీద దాచి పెడుతున్నారు. పాఠ్యాన్ని ఎంచుకోగానే అది బయటపడుతుంది. అది మోసం, దాన్ని మోసంగానే పరిగణిస్తారు.

రెజ్యూమెలో డిజైన్‌కు చోటే లేదని నా మాటల అర్థం కాదు. చదివేది డిజైన్ తెలిసిన మనిషి అయినప్పుడు, రెజ్యూమెలో ప్రతి అంగుళమూ పరీక్షకు నిలబడుతుంది. అక్షరాల సైజు 10 నుంచి 12 పాయింట్ల మధ్య హాయిగా చదవగలిగేలా ఉందా, వాక్యం పుట ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోకుండా తగిన చోట విరిగిందా, శీర్షికకు పైనున్న ఖాళీ కంటే కిందనున్న ఖాళీ తక్కువగా ఉండి ఆ శీర్షిక దేనికి చెందినదో తెలుస్తోందా, తేదీలన్నీ ఒకే నిలువు గీతకు ఆనుకుని ఉన్నాయా, ఫాంట్‌ను అడ్డంగా సాగదీశారా అన్నవి మేము చూస్తాము. లేత బూడిద రంగు అక్షరాలు ఈమధ్య ఫ్యాషన్‌గా మారాయి. వెబ్‌లో అందరికీ చదవడానికి వీలుండేలా రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు సాధారణ పాఠ్యానికి, దాని వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలని చెబుతున్నాయి. రెజ్యూమెకూ ఆ కొలత చక్కగా సరిపోతుంది. నలుపు తెలుపుల్లో ముద్రించి చూసుకోవడం కూడా అవసరం, ఎందుకంటే ఇంటర్వ్యూ బల్ల మీదకు చాలాసార్లు ఆ ప్రతే వస్తుంది. జర్మనీలో పుట్టిన టైపోగ్రాఫర్ యాన్ చిహోల్డ్ 1947 నుంచి 1949 వరకు పెంగ్విన్ ప్రచురణల రూపురేఖలను తీర్చిదిద్దినప్పుడు, అక్షరాల మధ్య ఎడం, విరామచిహ్నాల వాడకం, పేరాల ఆరంభం వంటి సూక్ష్మ విషయాలకు నాలుగు పుటల నియమావళి రాసి, అచ్చుకు అక్షరాలు కూర్చే కంపోజిటర్ల చేత పాటింపజేశాడు. చవక పుస్తకాలకు ఆ సంస్థ సాధించిన గౌరవంలో ఆ క్రమశిక్షణకు పెద్ద వాటా ఉందని నేను నమ్ముతాను. రెజ్యూమెలో డిజైనర్ ప్రతిభ కనిపించవలసింది ఆ స్థాయి శ్రద్ధలోనే. ఇక అక్షరదోషాల గురించి వేరే చెప్పనక్కర్లేదు; ప్రకటనలు, పుస్తకాలు తయారుచేసే చోట అది ఎంత తీవ్రమైన లోపమో అందరికీ తెలుసు.

ఒక మినహాయింపు మాత్రం ఇవ్వాలి. చిత్రకారులు, సినిమా లేదా గేమ్ పాత్రలకు, స్థలాలకు తొలి రూపం గీసే కాన్సెప్ట్ ఆర్టిస్టులు ఒక చిన్న స్టూడియోలోని కళాదర్శకుడికి నేరుగా పంపుతున్నప్పుడు, తమ శైలి తొంగిచూసే రెజ్యూమె వారికి మేలు చేయవచ్చు. అలాంటివారు రెండు ప్రతులు సిద్ధం చేసుకోవడం మంచిది: వెబ్‌సైట్ ద్వారా నింపే దరఖాస్తుకు సాదా ప్రతి, తెలిసిన మనిషి చేతికి వెళ్లేచోట చిత్రంతో కూడిన ప్రతి. రెండింట్లోనూ సమాచారం ఒకటే ఉండాలి. అనుభవం తక్కువగా ఉన్నవారికి ఒక పుట సరిపోతుంది, చాలా ఏళ్ల పని ఉన్నవారికి రెండు పుటలు తప్పు కాదు. పోర్ట్‌ఫోలియోలోనూ, షోరీల్‌లోనూ ఉత్తమమైన పని మొదటే రావాలి. ఒకటి రెండు నిమిషాలు మించిన రీలును చివరిదాకా చూసే తీరిక అరుదు. బొమ్మల తయారీలో కృత్రిమ మేధ పరికరాలు వాడి ఉంటే ఏ దశలో వాడారో చెప్పడం ఇప్పుడు పాత్రను వివరించడంలో భాగమే.

అభ్యర్థులకు ఇన్ని సూచనలు చేస్తున్నప్పుడు నియామకాలు చేసే మా వంటివారి బాధ్యతను వదిలేయడం న్యాయం కాదు. ‘సృజనాత్మకత, అంకితభావం గల డిజైనర్ కావలెను’ అని ప్రకటన ఇస్తే ఎవరు ఏమి రాయగలరు? చేయవలసింది ప్యాకేజింగా, సోషల్ మీడియా పోస్టులా, యాప్ తెరలా అన్నది, ఎలాంటి నమూనాలు ఎన్ని చూడదలచామన్నది ప్రకటనలోనే ఉండాలి. రెజ్యూమె తీసుకున్న తరువాత అవే వివరాలను మళ్లీ ఫారంలో గడి గడికీ నింపించడం అభ్యర్థుల సమయం పట్ల అగౌరవం. పరీక్ష పేరుతో రోజుల తరబడి పట్టే పనిని ఉచితంగా చేయించుకోవడం అన్యాయం. పెద్ద పని అడిగితే దానికి డబ్బు చెల్లించాలి, దాన్ని ఎక్కడా వాడుకోబోమని రాతపూర్వకంగా చెప్పాలి. డిజైన్ కళాశాలల విషయానికి వస్తే, చివరి సంవత్సరంలో పోర్ట్‌ఫోలియో ప్రదర్శనకు ఇచ్చే శ్రద్ధలో కొంత, విద్యార్థి తన పాత్రను నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయడం నేర్పడానికి కేటాయించాలని అధ్యాపకులను కోరుతున్నాను. బృందంగా చేసే ప్రతి ప్రాజెక్టు చివర ఎవరు ఏమి చేశారో సభ్యులందరూ కలిసి రాసి సంతకం చేసే పద్ధతి మొదటి సంవత్సరం నుంచే పెడితే, ఆ కాగితాలే తరువాత రెజ్యూమెకు ముడిసరుకు అవుతాయి.

మీ పత్రికకు నాదొక విజ్ఞప్తి. ఉద్యోగ సమాచారం ఇచ్చే పుటలో, అభ్యర్థుల అంగీకారంతో, పేర్లు, చిరునామాలు తొలగించి, కొన్ని నిజమైన రెజ్యూమెలను ప్రచురించి, వాటి పక్కనే అనుభవజ్ఞులు ఎక్కడ ఏమి మార్చాలో, ఎందుకు మార్చాలో రాసే శీర్షికను ప్రారంభించండి. యానిమేటర్‌ది ఒక వారం, కాపీరైటర్‌ది ఒక వారం, సౌండ్ డిజైనర్‌ది మరో వారం వస్తే, ఒక్కో పనికి రెజ్యూమె ఎలా వేరుగా ఉంటుందో పాఠకులు కళ్లారా చూస్తారు. అలాంటి శీర్షికకు నా వంతుగా రెజ్యూమెలు చదివి వ్యాఖ్యలు రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయ,
ఒక డిజైన్ విభాగ పర్యవేక్షకురాలు